మెషిన్ రూములో మారుమాట

టీ గ్లాసు సగం కూడా ఖాళీ కాకముందే హెడ్మాస్టరు తన కోడలి పోస్టు పీకేశాడు. అది ఎవరిదో తెలియక పీకేశాడా అంటే అదీ కాదు. ఆ కోడలు బల్లకు అవతలివైపే కూర్చుని పనిబూట్ల తాళ్లు కట్టుకుంటోంది. ఎదురుగా ఉన్న మనిషి మాటను ఫోనులోంచి తుడిచేసి, ఏమీ ఎరగనట్టు టీ ఊదుకుంటూ తాగుతున్నాడు చూడండి, అదీ ఆయన వాలకం.

హెడ్మాస్టరంటే బళ్లో పాఠాలు చెప్పేవాడనుకునేరు. ఆయన ఇరవై రెండేళ్లు లిఫ్టులు బాగుచేసిన మనిషి. మోకాలు మొరాయించాక ఆ పని మానేసి, లిఫ్టు విడిభాగాలమ్మే దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చుంటున్నాడు. ఆ పేరు పెట్టింది ఆన్‌లైన్ గ్రూపువాళ్లు. నాలుగువేల మంది లిఫ్టు మెకానిక్కులున్న గ్రూపు అది. మొదలుపెట్టింది ఈయనే, కాపలా కాసేదీ ఈయనే. పొద్దుటి పలకరింపుల బొమ్మలు వద్దు, జోకులు వద్దు, బొటనవేలు ఎత్తే గుర్తులు అసలే వద్దు.

బొటనవేలి మీద అంత కక్ష ఎందుకంటే దానికో కారణం ఉంది. లిఫ్టు పనికి ఇద్దరు వెళ్తారు. ఒకరు కింద, లిఫ్టు అడుగునుండే గుంటలోకి దిగుతారు, ఇంకొకరు మేడ పైన మెషిన్ రూములో మెయిన్ స్విచ్ దగ్గర నిలబడతారు. కిందివాళ్లు ‘ఆపు’ అంటే పైవాళ్లు స్విచ్ దించి, దించాకే ‘ఆపాను’ అనాలి. ముందు చెయ్యి, తర్వాత నోరు. దీన్ని వాళ్లు మారుమాట అంటారు. అది వినపడేదాకా కింద ఉన్న మనిషి కాలు కదపకూడదు. గ్రూపులోనూ హెడ్మాస్టరు అదే పద్ధతి పెట్టాడు. ఫలానా బ్రేకు స్ప్రింగు విరుగుతోంది జాగ్రత్త అని ఒకరు రాస్తే, చదివినవాళ్లు ఆ మాటే కింద మళ్లీ రాయాలి. బొటనవేలు చూపిస్తే చదివినట్టా, దారిన పోతూ చెయ్యూపినట్టా ఎలా తెలుస్తుందని ఆయన వాదన. ఆ వాదనలో తప్పు లేదు కూడా.

రాజకీయాలు వద్దన్న రూలు మాత్రం తర్వాత వచ్చింది. రెండేళ్ల కింద ఎన్నికలప్పుడు గ్రూపు నాలుగు రోజులు భగ్గుమంది. ఆ నాలుగు రోజుల్లోనే ఒక ఆస్పత్రి లిఫ్టులో ముసలామె ఇరుక్కుపోయింది. అక్కడున్న మెకానిక్కు కంట్రోలు బోర్డు మీద మెరుస్తున్న లోపం నంబరు ఫోటో తీసి, దీనర్థం ఏమిటన్నా అని గ్రూపులో అడిగాడు. అది తెలిసినవాళ్లు తక్కువలో తక్కువ ముప్పైమంది ఉన్నారు. ముప్పైమందీ ఆ సమయానికి ఒకళ్ల నాయకుణ్ణి ఒకళ్లు ఉతికి ఆరేస్తున్నారు. ఆ ఫోటో తిట్ల కింద పడి ఎటు పోయిందో పోయింది. నలభై నిమిషాలు పట్టింది జవాబు రావడానికి. ముసలామె బతికింది గానీ, ఆ నలభై నిమిషాలు హెడ్మాస్టరును ఇప్పటికీ పీడిస్తూనే ఉన్నాయి.

ఇంకో నష్టం కూడా జరిగింది. దాని గురించి ఆయన ఎవరికీ చెప్పడు. ఇరవై రెండేళ్లూ ఆయన కింద దిగితే పైన మెషిన్ రూములో నిలబడిన మనిషి ఒకడున్నాడు. అందరూ కళ్లజోడు అని పిలుస్తారు. ఇద్దరూ చెరో పార్టీ. మామూలు రోజుల్లో అది వాళ్లకు కాలక్షేపం. ఆ నాలుగు రోజుల్లో మాత్రం మాటా మాటా పెరిగి, “నీకా అద్దాలు కొనిచ్చింది కూడా మీ పార్టీవాళ్లేరా, ఇంకేం కనపడుతుంది” అని హెడ్మాస్టరు నాలుగువేల మంది ముందు రాసేశాడు. కళ్లజోడు గ్రూపు వదిలి పోలేదు. అలాగని ఆ రోజు నుంచి ఒక్క అక్షరం రాయలేదు, ఫోనూ చెయ్యలేదు. మర్నాడే హెడ్మాస్టరు రూలు పెట్టాడు. ఇక్కడ లిఫ్టుల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడకూడదు.

“మావయ్యా, నా పోస్టు కనపడటం లేదు” అంది కోడలు ఫోను చూసుకుంటూ.

“తీసేశాను.”

“ఎందుకు?”

“రాజకీయం.”

కోడలు ఒక బూటు కట్టుకుని రెండోది అలాగే వదిలేసింది. ఆమెకు ఈ పని నేర్పింది ఆయనే. కొడుకు డ్రాయింగు మాస్టరు, స్టూలెక్కితేనే కళ్లు తిరుగుతాయి. కోడలేమో పెళ్లయిన ఆరు నెలలకే మావగారి పాత టూల్ బ్యాగు సర్దుతూ సర్దుతూ, ఇదెందుకు అదెందుకు అని అడిగి అడిగి చివరికి మెకానిక్కై కూర్చుంది. ఆమెను చూసి హెడ్మాస్టరు లోలోపల మురిసిపోతాడు. పైకి మాత్రం తప్పులే పడతాడు.

“అందులో రాజకీయం ఏముంది మావయ్యా? మామూలు సర్వీసుకి ఒక్క మనిషి చాలని కొత్త రూలు తెస్తున్నారు. వద్దనేవాళ్లు శుక్రవారం పదింటికి లిఫ్టుల తనిఖీ ఆఫీసుకొచ్చి ఎదురుగా నిలబడి చెప్పాలంట. కాగితం రాసి పంపితే తీసుకోరంట. పదిమందైనా రండి అని రాశాను. ఎవరికి ఓటెయ్యాలో రాయలేదే.”

“రూలు తెస్తున్నదెవరు? ప్రభుత్వం. ప్రభుత్వంలో ఉన్నదెవరు? మూడో కామెంటుకి ఆ పార్టీ పేరొస్తుంది. నాలుగో కామెంటుకి ఎవడో ఒకడి అమ్మ పేరొస్తుంది. చూశాను కదమ్మా ఒకసారి.”

“మరి ఎక్కడ మాట్లాడుకోవాలి?”

“బయట బోలెడు చోట్లున్నాయి.”

“బయట ఉన్నవాళ్లు గుంటలోకి దిగరు కదా.”

హెడ్మాస్టరు ఖాళీ గ్లాసు ఎత్తి మళ్లీ తాగబోయాడు. అప్పుడే సందు దొరికిందని ఆయన భార్య వంటగదిలోంచి అందుకుంది. “ఇక్కడ లైటు మార్చమని వారం నుంచి మొత్తుకుంటున్నాను. లోకంలో అందరికీ మారుమాట ఇస్తారు, నాకు మాత్రం ఊఁ అని కూడా అనరు.” కోడలు నవ్వలేదు. రెండో బూటు కట్టుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. రోజూ వెళ్తూ వెళ్తూ “వస్తాను మావయ్యా” అనేది. ఇవాళ అనలేదు.

దుకాణంలో కూర్చున్నాడన్న మాటే గానీ ఆయన మనసు మనసులో లేదు. ఒకాయన డోరు రోలర్లు అడిగితే బెల్టు తీసి బల్ల మీద పెట్టాడు. ఫోను తీస్తాడు, జేబులో పెడతాడు, మళ్లీ తీస్తాడు. కోడలి పోస్టును ఎవడో ముందే ఫోటో తీసి పెట్టుకున్నాడు. దాన్నే మళ్లీ గ్రూపులో పెట్టాడు. హెడ్మాస్టరు తీసేశాడు. ఇంకొకడు పెట్టాడు. అదీ తీసేశాడు. కాలుగాలిన పిల్లిలా కౌంటరు వెనక అటూ ఇటూ తిరుగుతుంటే యజమాని ఒకటికి రెండుసార్లు తలెత్తి చూశాడు.

ఇంతలో కోడలి కంపెనీ స్టోరు మనిషి వచ్చాడు. వైరు చుట్ట కొలిపించుకుంటూ, “మొన్న సోమవారం నుంచి మావాళ్లు ఒక్కొక్కళ్లనే పంపిస్తున్నారండీ. రూలు ఎలాగూ వస్తుంది కదా, ముందే అలవాటు చేస్తున్నారు” అని మామూలు కబురు చెప్పినట్టు చెప్పాడు.

హెడ్మాస్టరు చేతిలో కత్తెర ఆగిపోయింది. నిన్న సాయంత్రం ఈ కౌంటరు మీదే కోడలు ఒక స్టాప్ స్విచ్ తీసుకెళ్లింది. గుంటలో ఉండే స్విచ్ అది. ఎవరైనా దిగాక, లిఫ్టు పొరపాటున కదలకుండా అక్కడే నొక్కుకునేది. ఆరంతస్తుల ఆఫీసులో అది తుప్పు పట్టి పనిచెయ్యడం లేదు, రేపు మార్చాలి అని చెప్పింది కూడా. అంటే ఇవాళ ఆ గుంటలో కింద కాపలా లేదు. ఉన్నదల్లా పైన మెయిన్ స్విచ్ ఒక్కటే. దాని దగ్గర నిలబడే మనిషి లేడు. ఎవడో ఒకడు లిఫ్టు రావట్లేదని విసుక్కుని పైకెళ్లి ఆ స్విచ్ ఎత్తితే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున ఆ పిల్ల చెప్పింది ఇదే. చెవినేసుకుంటే కదా.

యజమానికి ఒంట్లో బాగోలేదని చెప్పి బయటపడ్డాడు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

కోడలు ఆఫీసు కింది అంతస్తులో, లిఫ్టు తలుపు ముందు అడ్డంగా పసుపు బోర్డు పెడుతోంది. మావగారిని చూసి విస్తుపోయింది.

“మీరెందుకొచ్చారు?”

“ఊరికే. పైన నిలబడతాను.”

“మా కంపెనీ ఒప్పుకోదు మావయ్యా.”

“కంపెనీకి ఎవరు చెబుతారు?”

ఆమె ఒక్క క్షణం ఆయన మోకాలి వైపు చూసింది. తర్వాత బ్యాగులోంచి రెండో వాకీటాకీ తీసి ఇచ్చింది. రెండు కొన్నది ఇద్దరు మనుషులున్నప్పుడు. ఒకటి ఈ వారమంతా బ్యాగులో ఊరికే పడి ఉంది.

ఆరంతస్తులూ మెట్లెక్కాడు. నాలుగో అంతస్తు దగ్గర మోకాలు ప్రాణం తీసింది. అయినా మనసులో ఎక్కడో చిన్న సంతోషం. ఇంతోటిదానికి గ్రూపెందుకు, గొడవెందుకు, ఇంట్లో మనిషినే వచ్చి నిలబడితే సరిపోయె, అనుకున్నాడు. మెషిన్ రూము తలుపు తియ్యగానే గ్రీజు వాసన, వేడిగాలి మొహానికి కొట్టాయి. మోటారు, దాని పక్కన తాళ్లు తిరిగే పెద్ద చక్రం, గోడకు మెయిన్ స్విచ్. రెండేళ్లయింది ఈ గదుల్లో అడుగుపెట్టి. నిజానికి పైన నిలబడటం ఆయనకు అలవాటు లేని పని. ఇక్కడ ఎప్పుడూ కళ్లజోడే ఉండేవాడు.

జేబులో ఫోను గిజగిజలాడింది. మెట్ల మీద అందని సిగ్నలంతా ఇక్కడ ఒక్కసారి అందినట్టుంది. పద్నాలుగు మెసేజీలు. ఆ ఫోటో మళ్లీ పెట్టారు, ఒకటి కాదు అయిదుచోట్ల. ‘హెడ్మాస్టరు ఎందుకు తీసేస్తున్నాడు’ అని ఒకడు. ‘ఆయన కూడా కంపెనీల మనిషే’ అని ఇంకొకడు. హెడ్మాస్టరుకు ఒళ్లు మండింది. నేనా, కంపెనీల మనిషినా. ఒకటి తీశాడు. రెండోది తీశాడు. మూడోది పొడుగ్గా ఉంది, ఎవడు రాశాడా అని వేలితో పైకి జరుపుతున్నాడు.

“ఆపండి మావయ్యా” అంది వాకీటాకీ.

“ఆపాను” అన్నాడు.

అన్నది నోరు. చెయ్యి ఫోను మీదే ఉంది.

పక్కన చక్రం తిరగడం మొదలైంది.

ఆ చప్పుడు ఆయనకు నిద్రలో కూడా తెలుస్తుంది. బ్రేకు టక్కుమని విడివడటం, మోటారు గుర్రుమనడం, తాళ్లు సర్రుమంటూ దిగడం. ఒక్క క్షణం అది ఎక్కడో ఇంకో గదిలో జరుగుతున్నట్టే ఉంది. తర్వాత అది తన పక్కనే అని తెలిసింది. ఫోను వదిలేసి స్విచ్ మీద పడ్డాడు, రెండు చేతులతో కిందికి లాగాడు. చక్రం ఆగింది.

“అమ్మా” అన్నాడు వాకీటాకీలో. “అమ్మా. ఎక్కడున్నావు?”

వాకీటాకీని చెవికి అదుముకున్నాడు.

“బయటే ఉన్నాను” అంది కోడలు నెమ్మదిగా. “తలుపింకా తియ్యలేదు. బటను నొక్కి చూశానంతే.”

హెడ్మాస్టరు మోటారు పక్కన నేల మీద కూలబడ్డాడు. మారుమాట విన్నాక కూడా తలుపు తీసే ముందు ఒకసారి బటను నొక్కి చూడాలని ఆమెకు నేర్పింది ఆయనే. లిఫ్టు కదలకపోతేనే దిగాలి. పదిసార్లు చెప్పాడు, ఇరవైసార్లు చెప్పాడు, చెప్పి చెప్పి ఆమెకు విసుగు పుట్టించాడు. ఆ విసుగే ఇవాళ ఆమెను కాపాడింది.

కోడలు మెట్లెక్కి పైకి వచ్చింది. అరవలేదు. అరిస్తే బాగుండునని ఆయనకు అనిపించింది. కింద పడి ఉన్న ఫోను తీసి చూసింది. తెర మీద ఆమె రాసిన మాటలే ఉన్నాయి. దాని కింద ‘తీసివేయమంటారా?’ అని అడుగుతోంది. ఆమె ఆ ఫోనును ఆయన చేతిలో పెట్టింది.

“వేరేవాళ్లు పైన ఉంటే రెండుసార్లు నొక్కి చూస్తాను. ఇవాళ పైన మీరున్నారు కదా, ఎందుకులే అనుకున్నాను. అనుకుంటూనే వేలు దానంతటదే పోయింది” అంది.

“తప్పు నాదమ్మా.”

“తప్పెవరిదని కాదు మావయ్యా. ఇవాళ మీరొచ్చారు. రేపు?”

ఆయన స్విచ్ కిందికే ఉందా అని మళ్లీ ఒకసారి చూసుకున్నాడు.

“రేపు నేను, నాతోపాటు మా కంపెనీలో ఇంకో అరవైమంది. మీ నాలుగువేలమందిలో ఎంతమంది ఒక్కళ్లే వెళ్తున్నారో మీకు తెలుసా? తెలీదు. ఎందుకంటే అడగనివ్వలేదు.” నీళ్ల సీసా మూత తీసి, తాను తాగకుండా ఆయనకిచ్చింది. “లేవండి. పని ఉంది. ఫోను నాకివ్వండి.”

ఫోను ఇచ్చేశాడు. ఆ తర్వాత గంటసేపు స్విచ్ మీద చెయ్యి తియ్యకుండా నిలబడ్డాడు. మోకాలు నిలువునా నొప్పి పెడుతున్నా కూర్చోలేదు. ప్రతి మాటకీ ముందు చెయ్యి, తర్వాత నోరు. ఇరవై రెండేళ్లు కళ్లజోడు ఇలాగే నిలబడ్డాడని అప్పుడు తెలిసొచ్చింది. కింద ఉన్నవాడికి చీకటి, తడి, భయం ఉంటాయి కాబట్టి నిద్ర రాదు. పైన ఉన్నవాడికి ఏమీ ఉండదు, అవతలివాడి ప్రాణం తప్ప. ఇన్నేళ్లలో వాడొక్కసారి కూడా ఆపకుండా ఆపాను అనలేదు. అలాంటివాడి కళ్లద్దాల మీద తాను నాలుగువేలమంది ముందు వెటకారం చేశాడు. ఛీ అనిపించింది.

సాయంత్రం ఇంటికి రాగానే కోడలు ఫోను తిరిగి ఇచ్చింది. పోస్టు సంగతి ఎత్తలేదు. హెడ్మాస్టరు బల్ల దగ్గర కూర్చుని తీసేసినవన్నీ వెతికి, ఆమె పోస్టును మళ్లీ పెట్టాడు. అందరికంటే పైన కనపడేలా పెట్టాడు. దాని కింద తాను రాయాల్సింది ఉంది. రాశాడు, తుడిచాడు. మళ్లీ రాశాడు. నాలుగువేలమందికి పాఠాలు చెప్పిన నోరు, ఎలా ఒప్పుకుంటుంది. చివరికి ఇలా రాశాడు:

‘ఇవాళ పొద్దున నేను మెషిన్ రూములో నిలబడి, స్విచ్ దించకుండానే ఆపాను అన్నాను. కింద ఉన్నది నా కోడలు. ఆ సమయానికి నేను ఈ గ్రూపులో రాజకీయాలు తుడుస్తున్నాను. ఆమె బటను నొక్కి చూడకపోతే ఏమయ్యేదో మీ అందరికీ తెలుసు. మనిషి ఉండి కూడా ఇలా జరిగింది. మనిషే లేకపోతే ఏం జరుగుతుందో శుక్రవారం పదింటికి వెళ్లి చెబుతాను. నేను వెళ్తున్నాను.’

పంపి, ఫోను బల్ల మీద పెట్టాడు. తీశాడు. ఎవరూ ఏమీ రాయలేదు. లేచి వంటగదిలోకి వెళ్లి, వారం నుంచి అడుగుతున్న లైటు మార్చాడు. భార్య ఏమీ అనకుండా స్టూలు పట్టుకుంది. తిరిగొచ్చేసరికి మొదలైంది. ‘ఇదంతా ఆ పార్టీ పుణ్యమే’ అని ఒకడు. ‘మీ పార్టీ ఉన్నప్పుడు ఉద్ధరించింది ఏమిటి’ అని ఇంకొకడు. సరిగ్గా మూడో కామెంటు, నాలుగో కామెంటు. ఆయన వేలు అలవాటుగా అటు పోయింది. ఆగింది. తప్పులున్నాయి, తిట్లున్నాయి, మధ్యలో ఒకడు ‘నేను కూడా నెల నుంచి ఒక్కణ్ణే వెళ్తున్నాను’ అని రాశాడు. దాని కిందే ఇంకొకడు ‘నేనూ’ అని. ఆయన ఒక్కటీ తియ్యలేదు.

అప్పుడు ఒక మెసేజీ వచ్చింది. ఆ పేరు చూసి ఆయన కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. రెండేళ్ల తర్వాత కళ్లజోడు రాశాడు.

‘రూలు తెస్తున్నది నేను ఓటేసినవాళ్లే. అందుకే నేనే ముందు నిలబడి అడుగుతాను. శుక్రవారం పదింటికి వస్తున్నాను.’

హెడ్మాస్టరు జవాబు రాయబోయాడు. సారీ అని రాద్దామనుకున్నాడు. ఒరేయ్ అని మొదలుపెడదామనుకున్నాడు. రెండూ తుడిచి, మళ్లీ మొదటినుంచి రాయసాగాడు.

“మావయ్యా, ఎవరైనా వస్తామన్నారా?” అని పక్కగదిలోంచి కోడలు అడిగింది.

ఆయన ముందు రాయడం పూర్తి చేశాడు. ‘శుక్రవారం పదింటికి వస్తున్నావు’ అని రాసి, పంపి, అది వెళ్లిందని చూసుకుని, ఆ తర్వాతే నోరు తెరిచాడు.

“వస్తున్నాడమ్మా” అన్నాడు.